సగానికి కోశాకే అది పనిముట్టయింది

రేకు వంచడానికి నేను మొదట చేసుకున్న పనిముట్టు పొడవు 900 మిల్లీమీటర్లు. రెండు యాంగిల్ (L ఆకారపు ఇనుప కమ్మీ) ముక్కలు, రెండు తలుపు బందులు, రేకును నొక్కి పట్టడానికి పైన ఒక ఇనుప పట్టీ, చివర్లలో చెరో బోల్టు. చేయడానికి రెండు రోజులు పట్టింది. అది సరిగ్గా పనిచేయడం మొదలుపెట్టింది మాత్రం దాదాపు ఏడాది తర్వాత, రంపం పెట్టి దాన్ని సగానికి కోసిన రోజున. ఆ ఏడాదిలో బోధపడిన సంగతి ఒక్కటే. అదే ఇక్కడ గట్టిగా చెప్పదలచుకున్నాను: ఇలాంటి పనిముట్టు చౌకగా రావాలంటే తగ్గించాల్సింది పొడవునే. ఇనుము మందం మీదా, బిగింపు మీదా చేసే పొదుపు అంతా వంకర వంపుగా తిరిగొస్తుంది.

అసలు దీని అవసరం ఎందుకు వచ్చిందంటే, నాకు చిన్న చిన్న ఇనుప పెట్టెలు కావాలి. విద్యుత్ పరికరాలకు కవచాలు, పనిముట్లు పెట్టుకునే అరలు, గోడకు బిగించే బ్రాకెట్లు. మొదట్లో అందరిలాగే వైస్‌లో (బల్లకు బిగించిన పట్టుడు పనిముట్టులో) రెండు యాంగిల్ ముక్కల మధ్య రేకు బిగించి సుత్తితో కొట్టి వంచేవాణ్ణి. వేలెడు వెడల్పున్న పట్టీకి అది చాలు. జానెడు రేకుకు మాత్రం చాలదు. సుత్తి దెబ్బ పడిన ప్రతిచోటా రేకు కాస్త పలచబడి సాగుతుంది. అలా పెరిగిన పొడవు ఎక్కడో ఒకచోట ఇమడాలి కదా, అందుకని అంచు అలలు అలలుగా లేస్తుంది. ఆ అలను అణచడానికి ఇంకో దెబ్బ, దాంతో ఇంకో అల. మంచి చేయి తిరిగిన రేకుపని వాళ్లు కర్రసుత్తితో ఈ సాగుడును తమ అదుపులో ఉంచుకోగలరు. అది ఏళ్ల సాధన. ఆ నేర్పు మీద నాకు చాలా గౌరవం ఉంది, కానీ ఒక పెట్టె కావలసిన మనిషి అన్నేళ్లు ఆగలేడు.

వంచే పనిముట్టు చేసే ఉపకారం ఇదే: రేకును ఎక్కడా కొట్టదు, గీత పొడవునా ఒకేసారి మడుస్తుంది. కింద కదలకుండా ఉండే యాంగిల్‌ను పీఠం అందాం. దాని ముందు అంచును ఆనుకుని, అదే ఎత్తులో, బందుల మీద తిరిగే రెండో యాంగిల్ రెక్క. పీఠం మీద రేకు పరిచి, వంపు రావలసిన గీతను అంచు దగ్గరికి జరిపి, పైన పట్టీ పెట్టి బోల్టులు బిగిస్తాం. రెక్కకు అతికిన పిడి పట్టుకుని పైకి లేపితే పట్టీ ముక్కు, అంటే దాని ముందువైపు కింది అంచు, చుట్టూ రేకు మడుచుకుంటుంది.

చూడ్డానికి ఇంత తేలిక కనుకనే చాలామంది దృష్టి బందుల మీదికి పోతుంది. ఇందులో కదిలేవి అవే కదా. నా దృష్టీ అక్కడికే పోయింది. బందుల విషయంలో నిజంగా పట్టించుకోవలసింది వాటి నాణ్యతను కాదు, వాటి చోటును. బందు పిన్ను మధ్యగీత, పీఠమూ రెక్కా కలిసే పై అంచుతో ఒకే రేఖలో ఉండాలి. పిన్ను అంతకంటే కిందికి ఉంటే రెక్క తిరిగేకొద్దీ రేకు మీద జారుతుంది. జారిన మేరకు గీతలు పడతాయి, వంపు మూల గుండ్రంగా వదులవుతుంది. అందుకే యాంగిళ్ల చివర బందు గొట్టం పట్టేంత గాడి కోసి, పిన్నును అంచు ఎత్తుకు తేవాలి. రెండు యాంగిళ్లనూ పై తలాలు సమంగా ఉండేలా క్లాంపులతో కలిపి బిగించి, బందును ఆ గాడిలో కూర్చోబెట్టి, ముందు చుక్కలా అతికి, రెక్కను నాలుగుసార్లు తిప్పి చూసి, ఆ తర్వాతే పూర్తిగా వెల్డింగ్ చేయాలి. నేను ఈ పనికి ఒక సాయంత్రమంతా వెచ్చించాను. ఆ సాయంత్రం వృథా కాలేదు.

వృథా అయింది ఆ తర్వాత గడిపిన నెలలు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న రేకును, 800 మిల్లీమీటర్ల పొడవున వంచి మూలమట్టం పెట్టి చూశాను. రెండు చివర్లలోనూ చక్కగా 90 డిగ్రీలు. మధ్యకు వచ్చేసరికి మూలమట్టానికీ రేకుకూ నడుమ వెలుతురు కనిపించింది. మధ్యలో వంపు తక్కువగా ఉంది, గీత బొజ్జలా ముందుకు వచ్చింది. బందులు వదులుగా ఉన్నాయనుకున్నాను. పీకేసి లావుపాటివి వేశాను. బొజ్జ అలాగే ఉంది. మూడోసారి బందులే మానేసి, మందపాటి గొట్టంలో 12 మిల్లీమీటర్ల కడ్డీ దూర్చి నేనే చేసుకున్నాను. అప్పుడూ అంతే. తాపీగా ఆలోచించి ఉంటే మొదటి రోజే తెలియాల్సింది: బందులో ఉన్న వదులు, రెక్క మీద బలం పడగానే ఒక పక్కకు సర్దుకుపోతుంది. రెండు చివర్ల ఉన్న వదులు రేకు మధ్యలో మాత్రమే లోపం ఎలా తెస్తుంది?

చివరికి దొంగ దొరికింది ఒక దీపం వల్ల. ఒక రాత్రి పట్టీ వెనుక వైపు బల్లదీపం పెట్టి, ముందు నుంచి కళ్లు పట్టీ ఎత్తుకు దించి, రెక్కను నెమ్మదిగా లేపాను. రేకు వంగనంత సేపూ పట్టీ కింద చీకటే. రెక్క 20 డిగ్రీలు దాటిందో లేదో, మధ్యలో వెంట్రుక మందాన వెలుగు గీత మొదలైంది. రెక్క లేచేకొద్దీ ఆ గీత రెండు వైపులా పాకి, మధ్యలో ఇంకా లావైంది. పిడి దించాను. గీత మాయమైంది. మళ్లీ లేపాను, మళ్లీ వచ్చింది. వంగుతున్న రేకు పట్టీ ముక్కును పైకి తన్నుతోంది. చివర్లలో బోల్టులు ఆపుతున్నాయి, నడుమ ఆపే దిక్కు లేదు. నేను నెలల తరబడి అనుమానించిన బందులు ఏ పాపమూ ఎరగవు.

ఇక్కడ కొద్దిగా లెక్క చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా దీని మీదే నిలబడింది. రెండు చివర్ల పట్టి ఉంచిన పట్టీ మీద పొడవునా ఒకే రీతిలో బలం పడితే, మధ్యలో అది వంగే మేర పొడవు నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే వంగుడు 16 రెట్లు. సగమైతే పదహారో వంతు. ఇంత ఉదారంగా ప్రతిఫలమిచ్చే మార్పు ఈ పనిముట్టులో ఇంకొకటి లేదు. మందం పెంచడం కూడా బాగానే పనిచేస్తుంది. పట్టీ నిలువు మందం రెట్టింపు చేస్తే బిరుసుతనం 8 రెట్లవుతుంది. కానీ దానికి ఇనుము రెట్టింపు కావాలి, బరువు రెట్టింపు మోయాలి. పొడవు సగం చేస్తే ఇనుము సగమే సరిపోతుంది, పైగా ఫలితం రెట్టింపు. చౌక అనే మాటకు ఇంతకంటే సరైన అర్థం నాకు తెలియదు.

పట్టీని పడుకోబెట్టాలా నిలబెట్టాలా అన్నది ఇంకో సంగతి. కొలబద్దను అడ్డంగా పట్టుకుంటే తేలిగ్గా వంగుతుంది, అంచు మీద నిలబెడితే మొరాయిస్తుంది. ఈ తేడాను గెలీలియో 1638లో వెలువడిన తన ఆఖరి గ్రంథంలో లెక్కగట్టి చూపించాడు: నిలబెట్టినప్పుడు విరగడానికి కావలసిన బలం, వెడల్పుకూ మందానికీ ఉన్న నిష్పత్తిలో పెరుగుతుంది. వంగకుండా నిలిచే బిరుసుతనం ఆ నిష్పత్తి వర్గం మేరకు పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు ఇనుప పట్టీని తీసుకోండి. పడుకోబెట్టిన దానికన్నా నిలబెట్టిన దాని బిరుసుతనం 44 రెట్లు ఎక్కువ. ఒక్క గ్రాము కొత్త ఇనుము లేకుండానే. కాబట్టి నొక్కే పట్టీ వీపు మీద ఇంకో పట్టీని నిలువుగా వెన్నెముకలా అతకండి. రెక్క వెనుక కూడా అలాగే చేయండి, ఎందుకంటే బొజ్జలో రెక్కకూ వాటా ఉంది. దాన్నీ బందులు చివర్లలోనే పట్టుకుంటాయి.

ఇవన్నీ తెలిశాక నేను చేసిన పని, 900 మిల్లీమీటర్ల పనిముట్టును వైస్‌లో పెట్టి మధ్యకు కోయడం. చేతిరంపంతోనే కోశాను. గ్రైండర్ ఉండి కూడా ఎందుకో చేత్తో కోయాలనిపించింది. ఒక సగాన్ని పక్కన పెట్టి, రెండో సగానికి బందులు తిరిగి అతికి, పట్టీకి వెన్నెముక వేశాను. అదే మందం రేకు, అదే దీపం. రెక్క పూర్తిగా లేచేదాకా పట్టీ కింద వెలుగు పొడచూపలేదు. మూలమట్టం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జరిపినా ఎక్కడా సందు లేదు. ఆ రోజు వరుసగా అవసరం లేని ముక్కలు కూడా వంచుతూ కూర్చున్నాను.

దీనికి అందరూ చెప్పే అభ్యంతరం ఒకటుంది: పొట్టి పనిముట్టుతో పొడవైన రేకు వంచలేం కదా? నిజమే, వంచలేం. కానీ ఎన్నిసార్లు వంచాలి? నా పుస్తకంలో రాసుకున్న కొలతలన్నీ ఒకసారి తిరగేశాను. ఎక్కువ భాగం 300 మిల్లీమీటర్ల లోపే ఉన్నాయి. 450 దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ నాలుగైదు పనుల కోసం మిగతా అన్నిటినీ వంకరగా చేసుకోవడం తెలివైన బేరం కాదు. పొడవైన రేకుకు పెద్ద యంత్రం ఉన్న చోటికి వెళ్లడంలో చిన్నతనమేమీ లేదు. ఇంట్లో పనిముట్టు చేసుకోవడమంటే అన్నీ ఇంట్లోనే చేస్తానని పంతం పట్టడం కాదు కదా. నేను చూసిన నమూనాలలో చాలావాటికి ఈ పంతమే పట్టుకుంది. సన్నటి యాంగిళ్లు, మీటరు పొడవు, చివర్లలో రెండు బోల్టులు. వాటితో వంచి చూపించేది మాత్రం అరచేయంత ముక్క. ఆ ముక్క చక్కగానే వస్తుంది. దాన్ని నమ్మి చేసుకున్నవాడు తన ఇనుమూ శ్రమా పోగొట్టుకుంటాడు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే మొదటిసారి ఓడినవాళ్లలో చాలామంది రెండోసారి ప్రయత్నించరు. లోపం తమ చేతుల్లో ఉందనుకుంటారు.

రేకు మందం విషయంలో కూడా ముందే హద్దు గీసుకోవాలి. వంచడానికి కావలసిన బలం వెడల్పుతో పాటు నేరుగా పెరుగుతుంది, మందంతో పాటు వర్గంలో పెరుగుతుంది. 450 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం ఉన్న మెత్తటి ఉక్కు రేకును 400 మిల్లీమీటర్ల పిడితో వంచడానికి లెక్కప్రకారం 7 కిలోల బరువంత బలం చాలు. రాపిడీ, వంగేకొద్దీ లోహం గట్టిపడడమూ కలుపుకుంటే ఇంకొంచెం. అదే 2 మిల్లీమీటర్ల రేకైతే ఏకంగా నాలుగు రెట్లు. చేతులు ఆ బలం పెట్టగలవు. కానీ అదే నాలుగు రెట్ల బలం పట్టీనీ పైకి తన్నుతుంది. నా పనిముట్టుకు పూర్తి వెడల్పులో 1.2 మిల్లీమీటర్లు హద్దు. దాని మీద రంగుతో ఆ అంకె రాసి ఉంచాను.

పట్టీ ముక్కు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. నా మొదటి పట్టీకి ముందు అంచు గోడలా నిటారుగా ఉండేది. రెక్కను ఎంత నొక్కినా రేకు ఆ గోడకు ఆని 90 దగ్గర ఆగిపోయేది. చేయి తీయగానే రెండు మూడు డిగ్రీలు వెనక్కి వచ్చేది. లోహం ఎంత వంగినా అందులో కొంత భాగం స్ప్రింగులా తన పాత రూపానికి పోవాలని చూస్తుంది. మెత్తటి ఉక్కులో ఇది కొద్దిగా ఉంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలులోనూ గట్టి అల్యూమినియం మిశ్రమాలలోనూ ఎక్కువ. అంటే 90 కావాలంటే 92, 93 దాకా పోవాలి. అంతదాకా పోవడానికి చోటుండాలి. అందుకే పట్టీ ముందు ముఖాన్ని కింది అంచు నుంచి వెనక్కి వాలుగా, కనీసం 30 డిగ్రీలు, గ్రైండర్‌తో చెక్కేయాలి. కింది అంచును కత్తిలా వదలకుండా ఆకురాయితో కొద్దిగా గుండ్రం చేయాలి. ఇంచుమించు రేకు మందమంత గుండ్రం. వాడి అంచు రేకు లోపలి మడతను కోస్తుంది, ఆ మడత తర్వాత ఎప్పుడో చీలుతుంది. ఇక ఆ ముక్కుకూ నిలబెట్టిన రెక్కకూ మధ్య రేకు మందమంత ఖాళీ ఉండాలి. కొలతలు అవసరం లేదు: రెక్కను 90కి లేపి, వంచబోయే రేకు నుంచే ఒక తునక కోసి ఆ సందులో నిలబెట్టి, పట్టీని దానికి ఆనించి బోల్టులు బిగిస్తే సరి. పట్టీలో బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉండాలనేది ఇందుకే.

వంపు దగ్గర రేకు ఎంత పొడవు మింగుతుందో తెలియక పెట్టెలు పెద్దవైపోవడం ఇంకో చిక్కు. వంగిన చోట బయటి పొర సాగుతుంది, లోపలి పొర నలుగుతుంది. సాగని, నలగని గీత ఒకటి మధ్యకన్నా కాస్త లోపలి వైపు ఉంటుంది. సూత్రాలు ఉన్నాయి, కానీ మీ రేకుకు మీ పనిముట్టు ఇచ్చే జవాబు వాటికంటే నమ్మదగినది. సరిగ్గా 100 మిల్లీమీటర్ల పట్టీ కోసి మధ్యలో 90కి వంచండి. రెండు కాళ్లనూ బయటి మూల నుంచి కొలిచి కూడండి. 1 మిల్లీమీటరు రేకును 1 మిల్లీమీటరు గుండ్రంతో వంచితే మొత్తం ఇంచుమించు 101.8 వస్తుంది. అంటే ఒక్కో వంపుకు 1.8 మిల్లీమీటర్లు తక్కువగా కోయాలి. నాలుగు వంపులున్న పనిలో ఈ తేడా ఏడు మిల్లీమీటర్లు దాటుతుంది. మూత పట్టదు. నేను ప్రతి కొత్త రేకుకూ ఈ ముక్క వంచి, అంకె దాని మీదే రాసి, మేకుకు తగిలించి ఉంచుతాను.

కొనుక్కుంటే పోదా అనేవాళ్లకు నా సమాధానం ఇది. మంచి యంత్రం కొనగలిగితే నిస్సంకోచంగా కొనండి. కానీ చౌక యంత్రం అంటే చాలావరకు మీటరు పొడవున సన్నటి పట్టీ, చివర్లలో రెండు బిగింపులు. నా మొదటి పనిముట్టులో ఉన్న రోగమే, పైన రంగు వేసి ఉంటుంది. బిగింపే ఈ పనికి ప్రాణమని పట్టుకున్నవాళ్లు ఎంత దూరం వెళ్లారో చూడండి. ఆస్ట్రేలియాలో ఒక ఆవిష్కర్త 1970లలో బోల్టులే లేని పద్ధతి కనిపెట్టాడు. పీఠాన్నే విద్యుదయస్కాంతం చేశాడు. పైన పెట్టిన ఉక్కు పట్టీని అయస్కాంతం పొడవునా ఒకే తీరుగా కిందికి లాగుతుంది. పట్టీ ఉక్కుది కనుక మధ్యలో అల్యూమినియం రేకు ఉన్నా పట్టు తప్పదు. చివర్ల పట్టుకుని మధ్యను గాలికి వదిలేసే లోపాన్ని ఆయన మూలంలోనే తీసేశాడు. మనం ఇంట్లో అంత చేయనక్కరలేదు. పొడవు తగ్గించి, వెన్నెముక వేసి, పట్టీ మధ్యభాగం చివర్లకంటే కాగితం మందాన కిందికి ఉండేలా చూసుకుంటే, బోల్టులు బిగిసేసరికి మధ్యలోనూ పట్టు ఉంటుంది. నేను తొలినాళ్లలో మధ్యలో పోస్టుకార్డు ముక్క పెట్టి ఇదే ఫలితం తెచ్చుకునేవాణ్ణి.

వెల్డింగ్ గురించి ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బందులకు తరచుగా జింకు పూత ఉంటుంది. దాన్ని గీకకుండా వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చినవాళ్లకు కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. అతుకు చుట్టూ పూతను మెరిసే ఇనుము కనిపించేదాకా తీసేయండి. అలా తీసినా గాలి ఆడే చోటే పని చేయండి. వెన్నెముకను ఏకబిగిన అతకవద్దు. ఆ వేడికి పట్టీ విల్లులా వంగుతుంది. అంగుళం ఈ చివర, అంగుళం ఆ చివర, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. యాంగిళ్లు కొనేటప్పుడే రెంటినీ అంచుకు అంచు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూసుకుంటే, పుట్టుకతోనే వంకర ఉన్నవి బయటపడతాయి.

అల్యూమినియం వంచేవాళ్లు వంపు గీతను సూదితో గీయకండి, పెన్సిలుతో గీయండి. సూది గీత బయటి వైపు పడితే చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. రేకు మీద మిల్లులో పడిన సన్నటి చారలు కనిపిస్తాయి. వంపు ఆ చారలకు అడ్డంగా వచ్చేలా కోసుకుంటే చీలే అవకాశం తగ్గుతుంది.

పక్కన పెట్టిన రెండో సగం చాలా రోజులు బల్ల కింద ఉండిపోయింది. పెట్టె చేసేటప్పుడు మూడు వైపులు వంచాక నాలుగో వైపు వంచాలంటే, అప్పటికే లేచి ఉన్న గోడలు పొడవైన పట్టీకి తగులుతాయి. దీనికి పెద్ద యంత్రాలలో పట్టీకి బదులు వేళ్లలా విడివిడి ముక్కలు ఉంటాయి, కావలసిన వెడల్పుకు అన్ని ముక్కలే బిగించుకుంటారు. ఒక ఆదివారం ఆ మిగిలిన పట్టీని బయటికి తీసి 50, 75, 100, 150 మిల్లీమీటర్ల ముక్కలుగా కోశాను. ఒక్కోదానికి ముక్కు వాలుగా చెక్కి, వీపున వెన్నెముక అతికాను. ఇప్పుడు 150 ముక్కా 75 ముక్కా పక్కపక్కన బిగిస్తే 225 వస్తుంది. ఆ సాయంత్రం చేసిన మొదటి పెట్టెలో నాలుగో గోడ, పక్క గోడలను తాకకుండా వాటి మధ్యలోకి లేచి నిలబడింది. మూలల దగ్గర పోస్టుకార్డు కూడా దూరనంత సందు మిగిలింది.